కర్మాగారంలో రూపొందే చెక్క భవనాలు: తయారీదారులకు గల అవకాశాలు, పాటించవలసిన జాగ్రత్తలు

(ప్రత్యేక వ్యాసం)

గోదావరి జిల్లాల మండువా లోగిళ్లలో వసారాలను మోసిన టేకు కంబాలు, దూలాలు తెలుగు వడ్రంగుల పనితనానికి నేటికీ సాక్ష్యాలుగా నిలిచి ఉన్నవి. కోరంగి, తాళ్లరేవు తీరాన చెక్క ఓడలను నిర్మించిన చేతులు కూడా ఈ ప్రాంతానివే. అయితే సిమెంటు, ఉక్కు విరివిగా లభించిన తరువాత గృహ నిర్మాణంలో కలప పాత్ర తలుపులకు, కిటికీలకు, ద్వారబంధాలకు పరిమితమైనది. ఇటీవలి కాలంలో పర్యాటక విడిదులు, తోట ఇళ్లు, మేడలపై అదనపు గదుల రూపంలో చెక్క భవనాలకు మరల గిరాకీ కనిపించుచున్నది. వీటిలో అనేకం నిర్మాణ స్థలంలో కాక, కర్మాగారంలో భాగాలుగా తయారై, లారీలో వచ్చి, కొద్ది రోజులలో నిలబడుచున్నవి.

ఈ రంగంలో ప్రవేశించదలచిన చిన్న పారిశ్రామికులు, కోత మిల్లుల యజమానులు, వడ్రంగి వృత్తిదారులు ఈ గిరాకీ ఎంతవరకు నిలకడైనదో, పెట్టుబడి ఎంత సురక్షితమో తెలిసికొనవలసి ఉన్నది. ఇల్లు తాకట్టు పెట్టి యంత్రాలు కొన్న తరువాత ఆర్డర్లు రాకపోయినచో, నష్టం యజమానితో ఆగదు. పనివారి కూలి, కలప ఇచ్చిన రైతు బాకీ, ముందుగా సొమ్ము చెల్లించిన కొనుగోలుదారుని కుటీరం అన్నీ నిలిచిపోవును. ప్రపంచ అనుభవం, మన దేశ నిబంధనలు, రాష్ట్ర పరిస్థితులు ఈ విషయంలో ఏమి బోధించుచున్నవో ఈ వ్యాసం వివరిస్తుంది.

మూడు పద్ధతులు

చెక్క భవనాల కర్మాగార తయారీలో ప్రధానంగా మూడు పద్ధతులు కలవు. మొదటిది ముందుకోత పద్ధతి. ఇందులో కంబాలు, దూలాలు, వాసాలు యంత్రాలపై కచ్చితమైన కొలతలకు కోయబడి, కుసులు, బెజ్జాలు చెక్కబడి, అంకెలు వేయబడి కట్టలుగా పంపబడును. స్థానిక వడ్రంగులు వాటిని అమర్చుదురు. రెండవది పలకల పద్ధతి. ఇందులో గోడలు, నేల, పైకప్పు భాగాలు చట్రంతో సహా తయారై వచ్చును. మూడవది గదుల పద్ధతి. ఇందులో విద్యుత్ తీగలు, కుళాయి గొట్టాలు సహా పూర్తి గది కర్మాగారంలోనే సిద్ధమగును.

మొదటి దాని నుంచి మూడవ దానికి పోయిన కొలదీ నిర్మాణ స్థలంలో పని తగ్గును. కర్మాగారంలో పెట్టుబడి పెరుగును. ఏ పద్ధతిని ఎన్నుకొనుట అన్నది తయారీదారుడు తీసుకొనవలసిన మొదటి నిర్ణయం. తరువాతి లాభనష్టాలు అధిక భాగం దీనిపైననే ఆధారపడి ఉండును.

ఇతర దేశాల అనుభవం

అమెరికాలో సియర్స్ రోబక్ సంస్థ 1908 నుంచి 1940 వరకు కేటలాగు ద్వారా ఇళ్లను విక్రయించినది. కోసిన కలప, మేకులు, తలుపులు, రంగులు అన్నియు రైలు పెట్టెలలో కొనుగోలుదారునికి చేరేవి. ఈ విధంగా 70 వేలకు పైగా ఇళ్లు అమ్ముడుపోయినట్లు అంచనా. అమ్మకాలు పెంచుకొనుటకు సంస్థ స్వయంగా ఇంటి రుణాలను కూడా ఇచ్చినది. 1929 తరువాత వచ్చిన మహా మాంద్యంలో కొనుగోలుదారులు వాయిదాలు చెల్లించలేకపోయిరి. సంస్థ తన వినియోగదారుల ఇళ్లనే స్వాధీనం చేసికొనవలసి వచ్చినది. ఇల్లు నాణ్యమైనదైనను, అరువు అమ్మకం తయారీదారుని ఏ విధంగా చిక్కులలో పడవేయునో తెలుపుటకు ఇది పాత ఉదాహరణ.

ఇటీవలి ఉదాహరణ కటేరా సంస్థది. 2015లో కాలిఫోర్నియాలో ప్రారంభమైన ఈ సంస్థ సాఫ్ట్‌బ్యాంకు తదితర మదుపరుల నుంచి సుమారు 200 కోట్ల డాలర్ల పెట్టుబడిని సమకూర్చుకొన్నది. 2019లో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్ వ్యాలీలో, చెక్క పొరలను అడ్డదిడ్డంగా అతికించి పెద్ద పలకలుగా చేయు భారీ కర్మాగారాన్ని నెలకొల్పినది. రూపకల్పన మొదలుకొని నిర్మాణం వరకు అన్ని పనులనూ ఒకే సంస్థ చేపట్టవలెనన్నది దాని లక్ష్యం. 2021 జూన్‌లో ఆ సంస్థ దివాలా రక్షణ కోరినది. స్పోకేన్ వ్యాలీ కర్మాగారాన్ని మెర్సర్ ఇంటర్నేషనల్ సంస్థ అదే సంవత్సరం 5 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసినది. బ్రిటన్‌లో బీమా రంగంలో పేరుగల లీగల్ అండ్ జనరల్ సంస్థ ఉత్తర ఇంగ్లాండులో నెలకొల్పిన గదుల కర్మాగారం కూడా 2023లో కొత్త ఉత్పత్తిని నిలిపివేసినది. ధనబలం గల సంస్థలకే నిరంతర ఆర్డర్లు లేనిచో కర్మాగారం భారమైనదని ఈ రెండు ఉదంతాలు తెలుపుచున్నవి.

స్వీడన్‌లో పరిస్థితి కొంత భిన్నం. అక్కడ విడి ఇళ్లలో అత్యధిక భాగం చెక్క చట్రంతో, కర్మాగారాలలోనే తయారగును. 1990 దశకం మధ్యలో రెండంతస్తులకు మించిన చెక్క భవనాలపై ఆంక్షలు తొలగిన తరువాత బహుళ అంతస్తుల నిర్మాణం ఊపందుకొన్నది. షెలెఫ్టియో పట్టణంలో 2021లో ప్రారంభమైన సారా సాంస్కృతిక కేంద్రం 20 అంతస్తుల చెక్క భవనం. అట్టి దేశంలో సైతం కేంద్ర బ్యాంకు వడ్డీ రేటు 2022 ఏప్రిల్‌లో సున్నా స్థాయి నుంచి 2023 సెప్టెంబరుకు 4 శాతానికి చేరినపుడు, కొత్త ఇళ్ల ప్రారంభాలు 2021తో పోల్చగా సగానికి పైగా పడిపోయినవి. నైపుణ్యం, కలప, ప్రజాదరణ మూడూ ఉన్నచోట కూడా ఈ పరిశ్రమ వడ్డీ రేటుకు కట్టుబడి ఉన్నదని దీనివలన స్పష్టమగుచున్నది.

చిన్న యూనిట్లకు ఎక్కువగా ఉపకరించునది జపాన్ అనుభవం. అక్కడ కొత్త ఇళ్లలో సగానికి పైగా నేటికీ చెక్క ఇళ్లే. కంబం, దూలం పద్ధతిలో కట్టే సంప్రదాయ ఇళ్లలో 90 శాతానికి పైగా ముందుకోత కేంద్రాలలో కోసిన కలపతోనే నిర్మితమగుచున్నవి. ఒక్కొక్క కోత కేంద్రం అనేకమంది చిన్న మేస్త్రీలకు భాగాలను సరఫరా చేయును. ఒక మేస్త్రీ వద్ద పని తగ్గినను, మరొకరి ఆర్డరుతో యంత్రం తిరుగుచుండును. ఇంటిని నిలబెట్టే బాధ్యత, స్థానిక అనుమతుల భారం మేస్త్రీపై ఉండును.

మన దేశంలో నిబంధనల మార్పు

అడవుల సంరక్షణ దృష్ట్యా కేంద్ర ప్రజా పనుల విభాగం 1993లో తన నిర్మాణాలలో కలప వాడకాన్ని నిషేధించినది. 2020లో ఈ నిషేధాన్ని తొలగించినది. కలప తిరిగి పెరుగు వనరు అనియు, ఒక ఘనపు మీటరు కలప సుమారు 0.9 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు సమానమైన కర్బనాన్ని తనలో నిలుపుకొనుననియు గుర్తింపు పెరిగినది. తోటలలో పెంచిన కలపకు ఇది ప్రత్యేకించి వర్తించును.

2016 నాటి జాతీయ భవన నియమావళి ఆరవ భాగంలో కలప, వెదురు నిర్మాణాలకు ప్రత్యేక విభాగం కలదు. కలప నిర్మాణాల రూపకల్పనకు ఐ.ఎస్. 883, కలపను ఆరబెట్టుటకు ఐ.ఎస్. 1141, చెదలు, శిలీంధ్రాల నుంచి సంరక్షించుటకు ఐ.ఎస్. 401 ప్రమాణాలు అందుబాటులో ఉన్నవి. అనగా ప్రమాణాల కొరత లేదు. ఆ ప్రమాణాలను అనుసరించి లెక్కలు కట్టగల ఇంజనీర్లు, వాటి ప్రకారం కలపను సిద్ధం చేయగల యూనిట్లు పెరగవలసి ఉన్నది.

మరొక వాస్తవాన్ని కూడా గమనింపవలెను. కొత్త నిర్మాణ పరిజ్ఞానాలను ప్రదర్శించుటకు కేంద్రం 2021 జనవరి 1న ఇండోర్, రాజ్‌కోట్, చెన్నై, రాంచీ, అగర్తలా, లక్నో నగరాలలో ఆరు లైట్ హౌస్ ప్రాజెక్టులకు శంకుస్థాపన గావించినది. వీటిలో ముందుగా పోతపోసిన కాంక్రీటు, తేలికపాటి ఉక్కు చట్రం, పలకల పద్ధతులు చోటుచేసికొన్నవి. కలప చట్రం ఏ ఒక్కదానికీ ఆధారం కాలేదు. సామూహిక గృహ నిర్మాణ పథకాల నుంచి చెక్క భవనాలకు పెద్ద ఆర్డర్లు సమీప కాలంలో రాగలవని భావించి పెట్టుబడి పెట్టుట దూరదృష్టి అనిపించుకొనదు.

కొనుగోలుదారులు ఎవరు?

రాష్ట్రంలో ఈ భవనాలకు స్పష్టంగా కనిపించు మార్కెట్ పర్యాటకం. అరకు, లంబసింగి, మారేడుమిల్లి, హార్సిలీ హిల్స్ వంటి ప్రదేశాలలో సందర్శకులు కాంక్రీటు గది కంటె చెక్క కుటీరాన్ని కోరుచున్నారు. అరకు మార్గంలోని టైడా వద్ద గల జంగిల్ బెల్స్ విడిది చెక్క కుటీరాలకు చిరకాలంగా పేరు పొందినది. కొండ ప్రాంతాలకు ఇటుక, ఇసుక, నీరు చేరవేయుట కష్టం కనుక, తేలికైన భాగాలను బిగించుట అక్కడ సౌలభ్యంగా ఉండును. 2024-29 రాష్ట్ర పర్యాటక విధానం పర్యాటకానికి పరిశ్రమ హోదా కల్పించుట కూడా ఈ దిశలో ప్రోత్సాహకరం.

రెండవ వర్గం తోటల యజమానులు. మామిడి, జీడి తోటలలో విశ్రాంతి గృహాలు, చేపల చెరువుల గట్లపై కాపలా గదులు ఇందులోనికి వచ్చును. మూడవ వర్గం పట్టణాలలో మేడలపై అదనపు గది, చిన్న కార్యాలయం, యోగా గది కోరువారు. పాత భవనంపై కాంక్రీటు బరువు మోపరానిచోట తేలికైన చెక్క గది ఉపకరించును. అయినను కింది భవనం బలాన్ని ఇంజనీరు పరిశీలించిన తరువాతనే ఆర్డరు స్వీకరింపవలెను.

ఈ మూడు వర్గాలలోనూ ఆర్డర్లు చిన్నవి, విడివిడిగా వచ్చునవి. పైగా పర్యాటక ఆర్డర్లు రుతువును అనుసరించి ఉండును. అరకు, లంబసింగిలకు శీతాకాలంలో సందర్శకులు అధికం కనుక, దసరా నాటికి కుటీరం సిద్ధం కావలెనని యజమాని కోరుట సహజం. అదే సమయంలో వర్షాల వలన నిలబెట్టే పని ఆలస్యమగును. వేసవి చివరి నుంచి పని ఒత్తిడి, సంక్రాంతి తరువాత ఖాళీ అన్నది ఈ వ్యాపార స్వభావం. ఖాళీ నెలలలో తలుపులు, కిటికీలు, పాఠశాల బల్లలు, అంగడి పెట్టెలు వంటి పనులు చేపట్టగల యూనిట్టే పనివారిని నిలుపుకొనగలదు.

ఉక్కు గదుల పోటీ

చెక్క కుటీరానికి నిజమైన పోటీ ఇటుక ఇల్లు కాదు. ఉక్కు చట్రంతో, రేకు పలకలతో తయారయ్యే పోర్టా క్యాబిన్. అది త్వరగా లభించును, చెదలు పట్టదు, నిర్మాణ స్థలాల కార్యాలయాలకు, కాపలా గదులకు ఇప్పటికే అలవాటైనది. ధరలో దానితో పోటీపడుట చెక్క తయారీదారునికి లాభదాయకం కాదు. వేసవిలో రేకు గది త్వరగా వేడెక్కును. దాని రూపం కొండ ప్రాంత విడిదికి నప్పదు. చెక్క గది ఈ రెండు విషయాలలోనూ మెరుగు. కనుక రూపం, సౌఖ్యం కొరకు అదనంగా చెల్లించు కొనుగోలుదారుని వెదకుట మేలు. చవక గది మాత్రమే కోరువానిని ఉక్కు తయారీదారునికి వదలివేయుట ఉత్తమం.

కలప ఎక్కడి నుంచి?

రాష్ట్రంలో కలప సాగు కొత్త కాదు. ప్రకాశం, గుంటూరు, కృష్ణా ప్రాంతాలలో సుబాబుల్, జామాయిల్, కోస్తా ఇసుక నేలలలో సరుగుడు విస్తారంగా సాగులో ఉన్నవి. రాజమహేంద్రవరంలోని కాగితపు మిల్లు, తెలంగాణలో భద్రాచలం సమీపాన సారపాకలో గల మిల్లు ఈ కలపకు ప్రధాన కొనుగోలుదారులు. కొనుగోలుదారులు కొద్దిమందే అయినపుడు ధర వారి చేతిలో ఉండుట, ధర పడిపోయినపుడు రైతు నష్టపోవుట సాగుదారులకు అనుభవమే. భవనాల తయారీ రూపంలో మరొక మార్కెట్ ఏర్పడినచో రైతుకు కొంత ఊరట కలుగును.

అయితే కాగితపు గుజ్జుకు పనికివచ్చు కర్ర, భవనానికి పనికివచ్చు కలప ఒకటి కాదు. గుజ్జు కొరకు మూడు, నాలుగు సంవత్సరాలకే చెట్టును నరికెదరు. దూలం, పలక కోయుటకు లావైన, ముదిరిన మాను కావలెను. అందుకు రైతు మరికొన్ని సంవత్సరాలు వేచి ఉండవలెను. అదనపు చెట్లను మధ్యలో తొలగించి, మిగిలిన వాటికి కొమ్మలు కత్తిరించి, నిటారుగా పెంచవలెను. ఆ కాలంలో రాబడి ఏమిటన్నది రైతు ప్రశ్న. కలప అవసరమైన తయారీదారుడు ముందుగానే రైతులతో లిఖితపూర్వక ఒప్పందం చేసికొని, లావును బట్టి అధిక ధర నిర్ణయించినగాని ఈ సరఫరా ఏర్పడదు. జామాయిల్ దుంగ కోసిన వెంటనే చివరలు చీలు స్వభావం కలది. కోత, ఆరబోతలలో మెళకువ లేనిచో వృథా అధికమగును.

అందువలన ప్రారంభ దశలో అధిక యూనిట్లు దిగుమతి చేసికొన్న పైన్ కలపపై ఆధారపడుట జరుగుచున్నది. గుజరాత్‌లోని కాండ్లా, గాంధీధామ్ ప్రాంతం దేశంలో దిగుమతి కలపకు పెద్ద కేంద్రం. దిగుమతి కలప ధర డాలరు విలువ, ఓడ రవాణా ఛార్జీలను అనుసరించి మారును. ఆరు నెలల తరువాత అందజేయవలసిన కుటీరానికి నేటి కలప ధరతో ఒప్పందం కుదుర్చుకొనుట ప్రమాదకరం. ఆర్డరు కుదిరిన రోజుననే కలప కొనుగోలుకు సరిపడు బయానా తీసికొనుట శ్రేయస్కరం.

ఆరబెట్టుట, శుద్ధి చేయుట

చెక్క భవనాల వ్యాపారంలో చెడ్డపేరు తెచ్చునవి రెండు: బీటలు, చెదలు. పచ్చి కలపతో చేసిన గోడ కొద్ది నెలలలో ఎండి సన్నబడును. కలప పొడవునా దాదాపు కుంచించుకొనదు; అడ్డంగా మాత్రం గణనీయంగా కుంచించుకొనును. అందువలన పలకల మధ్య సందులు ఏర్పడును, తలుపులు పట్టును, వాన నీరు లోపలికి దిగును. వాతావరణంలోని తేమను బట్టి దేశాన్ని నాలుగు మండలాలుగా విభజించి, ఏ మండలంలో కలపలో తేమ ఎంత ఉండవలెనో ఐ.ఎస్. 287 నిర్దేశించుచున్నది. అనంతపురం ఎండకు సిద్ధపరచిన కలప, కాకినాడ తేమకు సిద్ధపరచిన కలప ఒకటే కానేరదు. తేమను కొలుచు చిన్న మీటరు, ఆరబెట్టే గది లేని యూనిట్ ఈ వ్యాపారంలోనికి దిగుట తగదు.

చెదల నివారణకు మందును పైపైన పూయుట చాలదు. మూసిన తొట్టిలో గాలిని తీసివేసి, ఒత్తిడితో మందును కలప లోపలికి ఎక్కించవలెను. కోత, బెజ్జాలు పూర్తయిన తరువాత శుద్ధి చేయుట మేలు. శుద్ధి అనంతరం కోసిన చోట లోపలి భాగం తిరిగి బయటపడును. పునాది వద్ద నేలకు చేయవలసిన చెద నివారణకు ఐ.ఎస్. 6313 కలదు. కుటీరాన్ని నేలకు తాకకుండా రాతి లేదా కాంక్రీటు దిమ్మెలపై నిలుపుట, కింద చూచుటకు వీలైనంత ఖాళీ వదలుట పెద్దల కాలం నుంచి తెలిసిన ఉపాయమే. ఈ విషయాలలో బెంగళూరులోని కలప శాస్త్ర సాంకేతిక సంస్థ పరిశోధన, శిక్షణ అందించుచున్నది.

గాలి, నిప్పు, బీమా

2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపాను తేలికపాటి పైకప్పులకు గల ప్రమాదాన్ని అందరికీ తెలియజేసినది. ఐ.ఎస్. 875 మూడవ భాగం ప్రకారం హైదరాబాదుకు ప్రాథమిక గాలి వేగం సెకనుకు 44 మీటర్లు. విశాఖపట్నం, విజయవాడ, నెల్లూరులకు 50 మీటర్లు. గాలి ఒత్తిడి వేగం వర్గాన్ని అనుసరించి పెరుగును గనుక, ఈ చిన్న తేడా ఒత్తిడిలో సుమారు 29 శాతం పెరుగుదలకు సమానం. హైదరాబాదు శివారులోని తోటకు రూపొందించిన కుటీరాన్ని అదే విధంగా భీమిలి తీరంలో నిలుపుట ప్రమాదకరం. పైకప్పును గోడకు, గోడను నేల చట్రానికి, చట్రాన్ని పునాదికి ఉక్కు పట్టీలతో, బోల్టులతో ఎడతెగక బిగించినగాని తేలిక భవనం తుపానుకు నిలువదు. కేవలం మేకులు చాలవు.

నిప్పు విషయంలో ప్రజలలో భయం సహజం. లావైన దూలం కాలునపుడు పైపొర బొగ్గుగా మారి లోపలి భాగాన్ని కొంతసేపు కాపాడును. ఐరోపా ప్రమాణాల ప్రకారం పైన్ వంటి మెత్తని కలప నిమిషానికి సుమారు 0.65 మిల్లీమీటరు చొప్పున మసియగును. అనగా అరగంటలో దాదాపు 20 మిల్లీమీటర్లు. ఈ రక్షణ లావైన కలపకే వర్తించును. పలుచని పలకకు వర్తించదు. లోపలి వైపు జిప్సం పలకలు, గొట్టాలలో వేసిన విద్యుత్ తీగలు, తీగలలో లోపమున్నపుడు సరఫరాను నిలిపివేయు పరికరం తప్పనిసరిగా ఉండవలెను.

బీమా అంశాన్ని కొనుగోలుదారునికి ముందే తెలుపుట న్యాయం. 2021 ఏప్రిల్ 1 నుంచి అమలులోనికి వచ్చిన భారత్ గృహ రక్ష పాలసీ నిర్వచనాలలో, చెక్క పలకల గోడలు లేదా పైకప్పు గల కట్టడం కచ్చా నిర్మాణం కిందికి వచ్చును. ప్రమాణాల ప్రకారం కట్టిన చెక్క భవనానికి కూడా ఈ ముద్ర పడుట తయారీదారులకు ప్రతిబంధకం. బీమా లభ్యత, రుణం మంజూరు రెండింటిపైనను దీని ప్రభావం ఉండగలదు. వాడిన కలప, తేమ శాతం, చేసిన శుద్ధి, ఇంజనీరు సంతకం గల లెక్కలు, విద్యుత్ తనిఖీ పత్రం జతపరచి ప్రతి భవనంతో ఒక దస్త్రం అందజేసినచో బీమా సంస్థతో, బ్యాంకుతో మాట్లాడుటకు కొనుగోలుదారునికి ఆధారం ఉండును. తయారీదారులు సంఘంగా ఏర్పడి ఈ నిర్వచనం సవరణకు విజ్ఞప్తి చేయుట కూడా అవసరం.

రవాణా పరిమితులు

మోటారు వాహన నిబంధనల ప్రకారం సాధారణ వాహనం వెడల్పు 2.6 మీటర్లకు మించరాదు. అందువలన పూర్తి గదిగా తయారుచేసినచో గది ఇరుకగును; లేదా ప్రత్యేక అనుమతి తీసికొనవలసి వచ్చును. అరకు ఘాట్ మలుపులలో అట్టి వాహనం తిరుగుటయే కష్టం. క్రేను లేని కొండవాలులో బరువైన గదిని దింపుట మరింత కష్టం. పలకలుగా లేదా కోసిన భాగాలుగా పంపినచో ఒకే లారీలో ఎక్కువ సరుకు పట్టును. నలుగురు మనుషులు మోయగల బరువులో దించవచ్చును. మన పరిస్థితులకు మొదటి రెండు పద్ధతులే అనువైనవని దీనివలన తేలుచున్నది.

ఆర్డర్ల క్రమమే ప్రాణం

ఒక చిన్న లెక్క ఈ వ్యాపారం గుట్టును విప్పి చెప్పును. ఒక యూనిట్‌కు అద్దె, జీతాలు, రుణ వాయిదా కలిపి నెలకు 4 లక్షల రూపాయల స్థిర వ్యయం ఉన్నదనుకొందాము. నెలకు నాలుగు కుటీరాలు తయారైనచో ఒక్కొక్క దానిపై లక్ష రూపాయల భారం పడును. రెండే తయారైనచో రెండు లక్షలు. ఒకటే అయినచో నాలుగు లక్షలు. కలప ధర, కూలి ధర మారకపోయినను లాభం నష్టంగా మారుటకు ఈ ఒక్క తేడా చాలును. కోట్ల డాలర్ల సంస్థలను కూల్చినదియు, మన పేటలోని చిన్న షెడ్డును మూయించునదియు ఈ లెక్కయే.

కనుక మొదటి సంవత్సరంలో ఒకటి, రెండు నమూనాలకే పరిమితమగుట మంచిది. ప్రతి కొనుగోలుదారునికి కొత్త నమూనా గీయుటవలన కర్మాగార పద్ధతిలోని ఆదా పోవును. పెద్ద యంత్రాలు కొనుటకు ముందు, ఉన్న కోత మిల్లులో పని చేయించుకొని, ఆరబోత, శుద్ధి, కొలతల కచ్చితత్వంపై సొమ్ము వెచ్చింపవలెను. జపాన్ కోత కేంద్రాల వలె ఇతర మేస్త్రీలకు, గుత్తేదారులకు భాగాలు సరఫరా చేయుట వలన ఆర్డర్లు ఒకే వర్గంపై ఆధారపడవు. కనీసం ఆరు నెలల పని చేతిలో ఉన్నపుడే విస్తరణకు రుణం కోరవలెను.

ఆర్థిక సహాయం, చెల్లింపుల రక్షణ

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకం 18 వృత్తులకు వర్తించును. అందులో వడ్రంగం ఒకటి. శిక్షణ, 15 వేల రూపాయల వరకు పనిముట్ల ప్రోత్సాహకం, 5 శాతం వడ్డీపై తొలి విడత లక్ష, తదుపరి రెండు లక్షల రూపాయల రుణం ఇందులో భాగం. తయారీ యూనిట్లకు ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం కింద 50 లక్షల రూపాయల వరకు ప్రాజెక్టు వ్యయంపై, దరఖాస్తుదారుని వర్గం, ప్రాంతాన్ని బట్టి 15 నుంచి 35 శాతం మార్జిన్ మనీ సబ్సిడీ నిర్ణయింపబడినది. ఈ పథకం 2025-26 వరకు కొనసాగింపు పొందినది గనుక, తదుపరి కాలానికి అమలులో గల షరతులను జిల్లా పరిశ్రమల కేంద్రంలో తెలిసికొని దరఖాస్తు చేయవలెను.

ఉద్యమ్ నమోదు గల సూక్ష్మ, చిన్న సంస్థలకు 2006 నాటి ఎం.ఎస్.ఎం.ఇ. అభివృద్ధి చట్టం రక్షణ కల్పించుచున్నది. సరుకు స్వీకరించిన కొనుగోలుదారుడు ఒప్పందం ఉన్నను 45 రోజులకు మించి చెల్లింపు నిలుపరాదు. మించినచో రిజర్వు బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలవారీ చక్రవడ్డీగా చెల్లింపవలెను. అయితే మొత్తం పనిని నిర్మాణ కాంట్రాక్టుగా వ్రాసికొన్నచో ఈ రక్షణపై వివాదం తలెత్తవచ్చును. భాగాల సరఫరాకు ఒక బిల్లు, నిలబెట్టే పనికి మరొక బిల్లు ఉండుట శ్రేయస్కరం.

అనుమతులు

సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12న గోదావర్మన్ తిరుముల్పాడ్ కేసులో ఇచ్చిన ఉత్తర్వుల తరువాత కలప ఆధారిత పరిశ్రమలపై పర్యవేక్షణ కట్టుదిట్టమైనది. కేంద్రం 2016లో ఈ పరిశ్రమల స్థాపనకు మార్గదర్శకాలు జారీచేసినది. దుంగలు కోయు యంత్రం పెట్టదలచినవారు అటవీ శాఖ లైసెన్సు పొందవలెను. కోసిన కలపను మాత్రమే కొని అమర్చు యూనిట్లకు నిబంధనలు కొంత సులభం. అయినను యంత్రాలు బిగించుటకు ముందు జిల్లా అటవీ అధికారి వద్ద ధ్రువపరచుకొనవలెను. కొన్న ప్రతి దుంగకు బిల్లు, అవసరమైనచోట రవాణా పర్మిటు భద్రపరచవలెను.

కొనుగోలుదారుని స్థలాన్ని కూడా పరిశీలింపవలెను. ఏజెన్సీ ప్రాంతంలో 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులకు భూమి బదలాయింపు చెల్లదు. అట్టి వివాదాస్పద స్థలంలో నిలిపిన కుటీరానికి సొమ్ము రాబట్టుట దుస్సాధ్యం. గిరిజన యజమానులు, వారి సంఘాలు నడుపు విడిదులకు సరఫరా చేయుట చట్టరీత్యా సురక్షితం, స్థానికులకు ఉపాధికరం. సముద్ర తీరాన సి.ఆర్.జెడ్. నిబంధనలు వర్తించును. విప్పి తరలించగల కట్టడం గనుక అనుమతి అవసరం లేదన్న అభిప్రాయం సరికాదు.

ముగింపు

కర్మాగారంలో రూపొందే చెక్క భవనాలకు రాష్ట్రంలో భవిష్యత్తు ఉన్నది. అది వెనువెంటనే వేల ఇళ్ల భవిష్యత్తు కాదు. కొండ విడిదులు, తోట ఇళ్లు, మేడ గదుల రూపంలో క్రమంగా పెరుగు చిన్న మార్కెట్. ఆర్డరు చేతికి వచ్చిన తరువాత యంత్రం, బయానా అందిన తరువాత కలప, తేమ కొలిచిన తరువాత కోత అన్న క్రమాన్ని పాటించు తయారీదారుడు ఇందులో నిలువగలడు. ఆ క్రమం నిలిచినచో కలప పండించు రైతుకు మరొక కొనుగోలుదారుడు, వడ్రంగి కుటుంబంలోని యువకునికి సొంత ఊరిలో సంవత్సరమంతా పని లభించును.